కరువు సీమలో చింతచెట్టు

తెలుగులో 'చింత' అనే మాటకు రెండర్థాలున్నవి. సంస్కృతం నుండి వచ్చిన చింతకు విచారమని అర్థం. అచ్చ తెలుగు చింత ఒక చెట్టు పేరు. పుట్టుకలో ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినను అనంతపురం సీమలో పుట్టి పెరిగినవారికి ఒకటి తలపునకు వస్తే రెండవది వెంట రాక మానదు. ఆషాఢం గడిచినా చినుకు రాలకపోతే రైతు వచ్చి విచారంతో కూర్చునేది ఊరిముందరి చింతచెట్టు క్రిందనే గదా!

మా పల్లె పెనుకొండ ప్రాంతంలోనిది. బడికి రెండే గదులు, తరగతులు మాత్రం ఐదు. మూడవ తరగతికి గది లేక దారిపక్కనున్న చింతచెట్టు క్రింద పాఠాలు జరిగేవి. నల్లబల్లను మ్రాను కానించి పెట్టేవారు. ఆ మ్రానును కౌగిలించాలంటే మాబోటి పిల్లలు ఆరుగురు చేతులు కలపవలసి వచ్చేది. ఎక్కాలు చెప్పుచుండగా పైనుండి పండుకాయ ఒకటి రాలితే పదిమంది కళ్ళు ఒక్కసారిగా దానిమీదకు పోయేవి. అయ్యవారు చూచీ చూడనట్లు ఉండేవారు.

ఒకనాడు నేను, "అయ్యవారూ, ఈ చెట్టు ఎవరు నాటినారు?" అని అడిగినాను.

"నాకూ తెలియదురా. నాకు చదువు చెప్పిన అయ్యవారికీ తెలియదు. ఎవరో నాటిపోయినారు, మనం కూర్చున్నాము," అన్నారు.

దారి వెడల్పు చేసిన ఏడాది ఆ చెట్టు పోయినది. ఒక్క పూటలో కొట్టివేశారు. దారికి చోటు కావలసినదే. ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పుట లేదు. కాని ఇన్నేళ్ళ తరువాత ఆ దారిన పోవునప్పుడెల్ల ఒక ప్రశ్న నన్ను వెంటాడుతున్నది. ఆ చెట్టు నాటినదెవరో మాకు తెలియదు. దాని స్థానంలో మరొక చింతను నాటినది ఎవ్వరూ లేరని మాత్రం తెలుసు. ఎందుకిట్లు జరిగినది? కరువు సీమలో ఇంతగా ఆదుకొనే చెట్టును తినడానికి అందరమూ ఉండి, నాటడానికి ఎవ్వరమూ లేకపోవడానికి కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందు ఆ చెట్టును కొంచెం తెలుసుకోవాలి.

ఎండిన నేల, ఎండని చెట్టు

అనంతపురం పీఠభూమికి వాన రెండు వైపుల నుండీ దూరమే. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలలో బరువు దించుకొని, తేలికబడి ఇక్కడికి వస్తవి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే భాగ్యం. అదియైనా సమయానికి పడదు. నేల చాలవరకు ఎర్రనేల. లోతు తక్కువ, రాయి ఎక్కువ. 1882లో బళ్ళారి నుండి వేరుపడి అనంతపురం జిల్లా ఏర్పడునాటికి ఈ ప్రజలు ధాత కరువు నుండి ఇంకను పూర్తిగా తేరుకొననే లేదు. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని పీల్చి పిప్పిచేసిన మహాక్షామం అది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ఆ పేరు వచ్చినది.

ఇటువంటి నేలలో చెనిక్కాయ చేను పైరునూరు పదిదినాల పంట. నడుమ మూడువారాలు వాన మొగము చాటేస్తే దాని కథ ముగిసినట్లే. చింత సంగతి వేరు. దాని తల్లివేరు రాతి సందులను వెదకుకొని లోతుకు పోతుంది; పక్కవేళ్ళు చాలదూరం పరచుకుంటవి. చిట్టిచిట్టి ఆకులు నీటిని పొదుపుగా ఖర్చుపెడతవి. ఒక్కొక్క ఈనెకు పది మొదలు పద్దెనిమిది జతల ఆకులుంటవి. సాయంకాలమయ్యేసరికి అవి రెండేసి చేతులు జోడించినట్లు ముడుచుకుంటవి. తెల్లవారి మరల విచ్చుకుంటవి. దీనిని వృక్షశాస్త్రజ్ఞులు నిద్రాచలనం అంటారు. ఉపాధ్యాయులు పిల్లలను సాయంకాలం ఒకసారి, ప్రొద్దున ఒకసారి చెట్టు దగ్గరకు తీసుకొనిపోతే చాలు. ఈ పాఠానికి వేరే పరికరం అక్కరలేదు.

వేసవి చివర పూత వస్తుంది. పువ్వు చిన్నది; పసుపు రేకులమీద ఎర్రని చారలుంటవి. పూత పిందెయై, పిందె కాయయై, కాయ పండేసరికి ఎనిమిది మొదలు పది నెలలు పడుతుంది. మాఘ ఫాల్గుణాల నుండి చైత్రం వరకు పండు రాలుతుంది. ఈ కాలాన్ని పాఠకులు గమనించాలి. అప్పటికి చేలలో పని ఏమీ మిగలదు. కూలి దొరకక పల్లెలు బెంగుళూరు బస్సు ఎక్కే నెలలవి. సరిగ్గా ఆ నెలలలోనే చింత పనికి పిలుస్తుంది. కొన్నియేళ్ళు విరగకాస్తుంది, కొన్నియేళ్ళు తక్కువ కాస్తుంది. కాని చేను ఎండినట్లు పూర్తిగా ఎండిపోవుట అరుదు. నూరేళ్ళు దాటినా కాపు మానని చెట్లున్నవి.

పరదేశమా, స్వదేశమా?

చింతను మనవారెవరూ పరాయి చెట్టుగా తలచరు. కాని దాని పుట్టిల్లు ఆఫ్రికా ఉష్ణప్రాంతమని నేటి శాస్త్రజ్ఞులలో చాలమంది అభిప్రాయం. అక్కడి నుండి మన దేశానికి ఎప్పుడు వచ్చినదో చెప్పలేనంత పూర్వమే వచ్చినది. గంగాలోయలోని నర్హాన్ త్రవ్వకాలలో సుమారు క్రీస్తుపూర్వం 1300 నాటి చింతకర్ర బొగ్గు దొరికినది. అరబ్బు వర్తకులు మన రేవులలో ఈ నల్లని గుజ్జును చూచి 'తమర్ హింది' అన్నారు; అనగా హిందూదేశపు ఖర్జూరం. ఆ మాటే పాశ్చాత్య భాషలలో తమరిండస్ అయినది. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథంలో దీని ప్రసక్తి ఉన్నది. 1753లో లిన్నేయస్ దీనికి 'తమరిండస్ ఇండికా' అని శాస్త్రీయనామం పెట్టినాడు. అరబ్బు పేరులో ఒకసారి, లాటిను పేరులో మరొకసారి మన దేశం పేరు చేరినది. పుట్టిన ఊరి పేరు మరుగునపడి, పెరిగిన ఊరి పేరే నిలిచినదన్నమాట. ఆ జాతిలో ఇది ఒక్కటే చెట్టు, తోబుట్టువులు లేరు.

ఇంకొక సంగతి. రాయలసీమ వంట అనగానే కారం గుర్తుకు వస్తుంది. కాని మిరపకాయ అమెరికా నుండి పోర్చుగీసువారి ద్వారా పదహారవ శతాబ్దిలో వచ్చిన అతిథి. టమాటా అంతకంటె తరువాత వచ్చినది. అవి రెండూ లేనినాడు మన పూర్వుల కూటికి రుచి ఇచ్చినవి చింతపులుపు, మిరియపు ఘాటు. విజయనగర కాలంలో పెనుకొండ కోటలో ఉడికిన చారులో చింతపండు ఉండి ఉంటుందని ఊహించవచ్చును గాని, తొలి రాయల నాడు ఎండుమిరప ఉండెనని ఊహించుటకు వీలులేదు.

పులుపు చేసే పని

చెట్టున పండిన పండ్లలో చాలవరకు పండేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరుగుతుంది. చింతలో తీపి పెరుగుతుంది గాని పులుపు తగ్గదు. ఆ పులుపు పేరు టార్టారిక్ ఆమ్లం. పండిన గుజ్జులో నూటికి ఎనిమిది మొదలు పద్దెనిమిది పాళ్ళదాకా ఇది ఉంటుంది. నిమ్మలో ఉండేది సిట్రిక్ ఆమ్లం. నిమ్మరసం కాగితే రుచి మారుతుంది. చింతపులుసు ఎంత కాగితే అంత చిక్కబడి రుచికి వస్తుంది. చింతపండులో సి విటమిను మాత్రం స్వల్పమే. పులుపు ఉన్నచోటనెల్ల సి విటమిను ఉంటుందనుకొనుట సరికాదని పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

కిలుము పట్టిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. లోహం మీద పేరుకొన్న ఆక్సైడును ఆమ్లం కరగిస్తుంది గనుక అట్లగును. అదే కారణాన కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచరాదని పెద్దలన్నారు. మట్టికుండ పులుసుకు రుచి ఎక్కువని మా అవ్వ అనేది. రుచి మాట ఎట్లున్నా, క్షేమమన్నమాట నిజం.

అనంతపురం సీమలో చింత లేని పూట లేదు. రాగిసంగటిలోనికి పులుసు, చెనిక్కాయ ఊరుబిండిలో నాలుగు రెబ్బలు, వేసవిలో చింతచిగురు పప్పు, పండుగనాడు పులిహోర, ఉగాదినాడు పచ్చడి. వడదెబ్బ తగలకుండ చింతపండు నీళ్ళలో బెల్లం కలిపి పానకం త్రాగడం ఉన్నది. పచ్చికాయను ఉప్పు పసుపులతో దంచి జాడీలో పెట్టిన తొక్కు ఏడాది పొడుగునా నిలువ ఉంటుంది. కూరగాయ కొనలేని ఇంట ఆ తొక్కే కూర. బీదవాని విస్తరిలో అన్నానికి తోడు నిలిచినది చింత.

నీటి విషయంలోను దీనికి సంబంధమున్నది. అనంతపురం సీమలో పలుచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళు గారపట్టిన పిల్లలు, నడుము వంగిన పెద్దలు ఈ ఊళ్ళలో కొత్త కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున కొద్దివారాలు భోజనంతో ఇచ్చి చూచినారు. మూత్రం ద్వారా బయటకు పోయే ఫ్లోరైడు పెరిగినట్లు తేలినది. ఆ పరిశోధన 2002లో ప్రచురితమైనది. దీనిని బట్టి చింతపండు తింటే ఎట్టి నీరైనా త్రాగవచ్చునని అనుకొనరాదు. మంచినీటికి బదులు మంచినీరే. కాని చింతకు మందులాంటి గుణం ఒకటి ఉన్నదని శాస్త్రం కూడ ఒప్పుకొన్నది.

గింజ, కర్ర, కంబళి

చింతకాయను నూరు పాళ్ళు చేస్తే గుజ్జు 55 పాళ్ళు, గింజ 34 పాళ్ళు, పైడొల్ల, పీచు కలిసి 11 పాళ్ళు ఉంటవని లెక్క. మూడవవంతు గింజే అన్నమాట! ఆ గింజకు మనవారు పూర్వమే ఉపయోగం కనుగొన్నారు. నానబెట్టి, నూరి, ఉడికించితే గట్టి గంజి వస్తుంది. గొర్రెబొచ్చుతో కంబళి నేసే కురుబవారు ఆ గంజినే పడుగుకు పట్టించేవారు. ఎన్.టి.ఆర్. జిల్లా కొండపల్లిలో బొమ్మలు చేసేవారు చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి, ఆ ముద్దతోనే బొమ్మకు అవయవాలు అతుకుతారు. 1940ల నుండి నూలు మిల్లులు, జనుము మిల్లులు కూడ చింతగింజల పిండిని గంజికొరకు కొనసాగినవి. కురుబవాని ఇంట ఉన్న విద్య యంత్రశాలకు చేరుటకు అంతకాలం పట్టినది.

కరువుల నాడు గింజలను వేయించి, పొట్టు తీసి, దంచి కడుపు నింపుకొన్నవారున్నారు. కరువు లేనినాడు ఆ గింజలే పిల్లల ఆటవస్తువులు. వామనగుంటలాడే ఆడపిల్లలకు గుప్పెడు గింజలు చాలు. గింజను రాతిమీద ఒకవైపు అరగదీస్తే తెల్లవైపు, నల్లవైపు ఏర్పడి పాచికలవుతవి.

కర్ర విషయం చెప్పుటకు కొంచెం జంకు కలుగుతున్నది. చింతచేవ ఇనుమువంటిది. గానుగలకు, రోళ్ళకు, రోకళ్ళకు, బండిచక్రాలకు అది పనికివచ్చేది. నిప్పు గట్టిగా నిలుస్తుంది గనుక ఇటుకబట్టీలవారికి దానిపై మక్కువ. చెట్టుకు ఉన్న సుగుణమే దాని ప్రాణానికి ముప్పు తెచ్చినది.

హిందూపురం సంత

అనంతపురం సీమలోని దక్షిణభాగం ఎత్తయినది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఉంటుంది. హిందూపురం, మడకశిర, కదిరి ప్రాంతాలు, వాటికి ఆనుకొన్న కన్నడదేశపు తుమకూరు, కోలారు ప్రాంతాలు కలిసి ఒక పెద్ద చింతసీమ. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి హిందూపురం, మడకశిర, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. జిల్లా పేరు మారినను చింతపండుకు హిందూపురం మార్కెట్టే పెట్టినది పేరు. కాపు నెలలలో అక్కడ కుప్పలు కుప్పలుగా సరకు దిగుతుంది. 'కరిపులి', 'ఫ్లవర్' అని రెండు రకాలుగా దానిని వేరుచేసి ధర పలుకుతారు. సాధారణంగా కరిపులికి ఎక్కువ ధర.

ఆ ధర వెనుక ఎవరి చేతులున్నవో మార్కెట్టులో కనబడదు. చెట్టెక్కి కొమ్మలు దులిపేది మగవారు. ఒకసారి పట్టు తప్పితే ప్రాణాపాయం. రాలినకాయ ఏరేది, ఎండబెట్టేది, డొల్ల కొట్టేది, ఈనె లాగేది, గింజ తీసేది స్త్రీలు. ఇంటి అరుగుమీద కూర్చుండి, ఎడమచేత కాయ పట్టి, కుడిచేత చిన్న సుత్తితోనో, రాతితోనో కొడుతూ, ప్రొద్దు వాలేదాకా ఆ పని సాగుతుంది. పులుపు పడి వేళ్ళ కొసలు పగులుతవి. మా అవ్వ రాత్రిపూట ఆ వేళ్ళకు ఆముదం పూసుకొనేది. అన్నం కలుపుకొనునప్పుడు మంటపుట్టి చేయి వెనుకకు తీసుకోవడం నేను చూచినాను. చారు రుచిగా ఉన్నదనునప్పుడు ఆ వేళ్ళు జ్ఞాపకం వస్తవి. అయినను ఆ నెలలలో ఆ పని లేకపోతే ఇంట పొయ్యి వెలిగేది కాదని ఆమెయే చెప్పేది.

దయ్యాలూ, వరదా

చింతచెట్టుమీద దయ్యాలుంటవని చెప్పి మనలను భయపెట్టని అవ్వ ఉండదు. రాత్రి దానిక్రింద పడుకోరాదని కూడ అంటారు. రాత్రివేళ చెట్టు బొగ్గుపులుసు గాలి వదలుతుంది గనుక ప్రమాదమని కొందరు చదువుకొన్నవారు దీనికి శాస్త్రపు రంగు పూస్తారు. అది సరికాదు. అన్ని చెట్లూ రాత్రి ఆ గాలిని వదలేవే. ఆరుబయట దానివలన మనిషికి హాని కలిగేటంత ఉండదు. ఆ క్రింద పక్కన పడుకొన్న మనిషియే వదిలే గాలి తక్కువేమీ కాదు. ముసురుకొన్న చీకటి కొమ్మలు, గబ్బిలాల రెక్కల చప్పుడు, పురుగూ పుట్రా ఇవే దయ్యాలై ఉంటవి.

దయ్యాల చెట్టని మనం పేరు పెట్టిన చింతయే వందమందికి పైగా ప్రాణాలు నిలిపిన ఉదంతం ఒకటి తెలుగుదేశంలో ఉన్నది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగి వేలమందిని పొట్టను పెట్టుకొన్నది. అఫ్జల్‌గంజ్ దగ్గర, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడినారని చెబుతారు. చుట్టూ ఇళ్ళు కూలినవి, వంతెనలు తెగినవి. చెట్టు మాత్రం కదలలేదు. వానలేని నేలలో నీటికొరకు లోతుకు పోయే వేరే, వరద వచ్చిననాడు మ్రానును పట్టి నిలిపినది.

నాటినవారి ఆలోచన

ఈ చెట్లన్నీ వాటంతట అవి మొలిచినవి కావు. చెరువుకట్టలమీద, బాటల పక్క, గుడి ముందర, ఊరి తోపులో, ఎవరో ఒకరు తలచి నాటినవే. పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని చెప్పినారు. కన్నకొడుకుతోపాటు చెరువు, తోట, గుడి, కావ్యం మొదలైనవి కూడ సంతానమే. తాను పోయిన తరువాత తన పేరు నిలిపేది ఏదైనా బిడ్డతో సమానమని వారి భావం. రావి, వేప, మర్రి ఒక్కొక్కటి నాటితే చాలునట. చింతలు మాత్రం పది నాటాలట. అట్లు నాటినవాడు నరకం చూడడని సంస్కృతంలో ఒక పాతమాట ఉన్నది. తక్కినవాటికి ఒకటి, చింతకు పది! పుణ్యం మాట అటుంచి, ఆ లెక్క వేసినవాడు పల్లె అవసరం ఎరిగినవాడు.

ఈ సంప్రదాయం పరదేశీయులకు కూడ అర్థమైనది. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తం చేసిన తరువాత ఏడేళ్ళపాటు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న తామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించినాడు. శవాన్ని గుత్తిలో పూడ్చినారు. కొంతకాలానికి మద్రాసుకు తరలించినారు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం పత్తికొండలో చేసినదేమి? ఒక తోపు వేయించి, మెట్లబావి కట్టించినది. ఎండ, దాహం ఎరిగిన సీమలో మనిషిని స్మరించే పద్ధతి అదేనని ఏలినవారికి కూడ తోచినది.

హిందూపురానికి దక్షిణంగా, కన్నడదేశంలో దేవనహళ్ళి దగ్గర నల్లూరు అనే ఊరున్నది. అక్కడ 54 ఎకరాల పాత చింతతోపు ఉన్నది. సుమారు మూడువందల చెట్లు. వానిలో కొన్నింటికి వయస్సు శతాబ్దాలలో చెప్పవలసి ఉంటుంది. 2007లో దానిని భారతదేశంలో మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వస్థలంగా ప్రకటించినారు. అడవి కాదు, ఆలయం కాదు. ఒక చింతతోపునకు ఆ గౌరవం దక్కినది. పొరుగువారి తోపు నిలిచినది. మన తోపుల మాటేమి?

ఏడాది పాట, నూరేళ్ళ చెట్టు

ఇక మొదట వేసుకొన్న ప్రశ్నకు వద్దాం. బాటల పక్క, చెరువుకట్టలమీద ఉన్న చింతలు ఎవరి సొంతమూ కావు. పల్లెలలో ఏడాదికొకసారి వాని కాపును పాట పెడతారు. ఎక్కువ పాడినవాడు ఆ ఏటి కాయ దులుపుకొని పోతాడు. వచ్చే ఏడు పాట ఎవరిదో అతనికి తెలియదు. అందుచేత మ్రానుకు చెద పట్టినా, కొమ్మ విరిగినా అతనికి బాధ లేదు. పాటసొమ్ము జమచేసుకొనేవారికి ఆ సొమ్ముతో పని. చెట్టు ఆయుర్దాయం నూరేళ్ళు. దానితో మనకున్న ఒడంబడిక ఒక్క ఏడాదిది. కొట్టడానికి ఒక్క పూట చాలు. గింజనాటి కాపు చూడడానికి ఎనిమిది పదేళ్ళు కావాలి.

సొంతనేలలో ఎందుకు నాటరు? రైతును అడిగి చూడండి. చెనిక్కాయ అప్పు మార్గశిరానికి తీర్చాలి. బోరుబావి అప్పుకు వడ్డీ నెలనెలా పెరుగుతుంది. పదేళ్ళ తరువాత కాచే చెట్టును నమ్మి అప్పిచ్చేవారెవరు? తప్పు రైతుది కాదు. అతని కాలం అప్పులవాని చేతిలో ఉన్నది.

2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చినది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలనీ, కొట్టినచో మరల నాటాలనీ అది చెబుతున్నది. మంచిదే. కాని మొక్క నాటిన దినాన తీసిన ఫోటోలో మొక్క పచ్చగానే ఉంటుంది. రెండు వేసవులు గడిచిన తరువాత వెళ్ళి చూడాలి.

శాస్త్రం కూడ కొంత దారి చూపినది. అంటుకట్టిన చింత నాలుగైదేళ్ళకే కాపుకు వస్తుంది. తమిళదేశంలోని పెరియకుళం నుండి వచ్చిన 'పి.కె.ఎం.-1' రకం అట్టిది. మన అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానంవారు 'అనంత రుధిర' అని ఒక రకాన్ని ఎంపికచేసి ఇచ్చినారు. దాని గుజ్జు పేరుకు తగ్గట్లు నెత్తురువలె ఎర్రనిది. కరువు సీమ నేలలోనుండి ఎంచిన ఈ ఎర్రచింత ఇక్కడి రైతుకే ముందుగా అందవలసి ఉన్నది.

బడికి పది చింతలు

చెట్టు వయస్సుకు తగిన యజమాని ఎవరు? రైతుకు అప్పున్నది. పాటదారునికి ఏడాదియే. ఉద్యోగికి బదిలీ ఉన్నది. ఆలోచించగా ఊరిలో కదలనిది, ఏటేటా కొత్త పిల్లలతో నిండేది ఒక్కటే కనబడుతున్నది: అది బడి. అయ్యవార్లు మారుతారు, పిల్లలు పెద్దవారై పోతారు, బడి ఉంటుంది. చింతకు సరిజోడు అదే.

పని కష్టమైనది కాదు. ముదురు గింజను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఎరువు కలిపిన మట్టిసంచిలో నాటితే ఒకటి రెండు వారాలలో మొలక వస్తుంది. తొలకరికి ముందు గుంట త్రవ్వి, వాన పడిన తరువాత మొక్కను దించాలి. చెట్టుకూ చెట్టుకూ నడుమ పది మీటర్లు వదలాలి. మేకలనుండి కాపాడుటకు చుట్టూ ముళ్ళకంప నాటాలి. రెండు వేసవులు నీళ్ళు పోయాలి. మూడవ వేసవి నుండి అది తన నీటిని తానే వెదకుకుంటుంది. మూడవ తరగతి పిల్లవాడు నాటితే అతడు ఐదవ తరగతి దాటేసరికి అతని బాధ్యత తీరిపోతుంది. ఆ రెండేళ్ళు మధ్యాహ్నభోజనం తరువాత పళ్ళెం కడిగిన నీరు ఆ పాదులో పోసినను చాలవరకు సరిపోతుంది.

గింజనుండి వచ్చిన మొక్క తల్లిచెట్టువలెనే కాయాలని నియమం లేదు. పులుపు ఎక్కువ కావచ్చును, తీపి ఎక్కువ కావచ్చును. అందుకని పది మొక్కలలో సగం అంట్లు, సగం గింజమొక్కలు నాటుట మేలు. అంట్లు త్వరగా ఫలమిస్తవి; గింజమొక్కలలో రేపటి కొత్తరకం దాగి ఉండవచ్చును. అనంత రుధిర కూడ ఒకనాడు ఎంచిన చెట్టే గదా!

'చింత చచ్చినా పులుపు చావలేదు' అని సామెత. ఓడినా బింకం వీడనివానిని ఎత్తిపొడుచుటకు దానిని వాడతాం. మా బడిముందరి చింత చచ్చినది. దాని పులుపు నావంటి వారి నాలుకలమీద ఇంకను ఉన్నది. కాని ఆ పులుపు మా తరంతో పోతుంది.

మొన్న చైత్రంలో ఊరికి పోయినప్పుడు బడి వెనుక పెరడులో ముళ్ళకంప చుట్టిన గుంటలు చూచినాను. లెక్కపెట్టితే ఏడున్నవి. రెండు ఎండినవి, ఐదింటికి చిగురున్నది. నీళ్ళబిందెతో వచ్చిన ఒక చిన్నపిల్లను, "ఈ చెట్లు ఎవరు నాటినారమ్మా?" అని అడిగినాను.

"మేమే, తాతా," అన్నది, బిందె దించకుండానే.